వంశవృక్షంతో ఆడే చదరంగం

చదరంగపు బల్ల మీద రాజు ముసలివాడు కాడు. అతనికి జ్వరం రాదు, పెండ్లి కాదు, బిడ్డలు పుట్టరు. మంత్రి అలగడు. ఏనుగు తన యజమానిని మార్చదు. ఆట మొదలుపెట్టినప్పుడు ఉన్న 64 గళ్ళే చివరివరకు ఉంటవి. రాజ్యాల కథలో ముఖ్యమైన సంగతులన్నింటినీ ఇట్లా వదలివేసినందువల్లనే చదరంగం అంత శుద్ధమైన ఆట అయింది. వదలివేసిన ఆ సంగతులనే, అనగా పెండ్లిండ్లను, పుట్టుకలను, చావులను, దాయాదుల తగవులను పోగుచేసి ఒక ఆటగా కూర్చితే ఎట్లా ఉంటుంది?

స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోంలో ఉన్న పారడాక్స్ అనే సంస్థ ఈ పని చేసింది. కంప్యూటర్ మీద ఆడే ఈ ఆట పేరు 'క్రూసేడర్ కింగ్స్'. జెరూసలేము కోసం ఐరోపా క్రైస్తవులు చేసిన మతయుద్ధాలకు క్రూసేడులని పేరు. ఆ యుద్ధాల కాలపు రాజుల ఆట కనుక దీనికి ఆ పేరు వచ్చింది. మొదటి ఆట 2004లోను, రెండవది 2012లోను, మూడవది 2020 సెప్టెంబరులోను వెలువడినవి. ఒక్కొక్క ఆటకు కాలక్రమాన అనుబంధాలు వచ్చినవి. రెండవ ఆటకు 2014 మార్చిలో వచ్చిన 'రాజాస్ ఆఫ్ ఇండియా' అనే అనుబంధంతో భారతదేశం దాని పటంలోనికి చేరింది. మూడవ ఆటలో మన దేశం మొదటినుండియే ఉన్నది. అందులో వేంగి పేరు కూడా కనబడుతుంది. మచిలీపట్నంలోనో గుడివాడలోనో ఒక విద్యార్థి ఆ పేరును ఎన్నుకొన్నాడంటే, తాను నడిచే నేలను ఒకప్పుడు ఏలిన వంశం పగ్గాలు చేతబట్టాడన్నమాట. శాలంకాయనుల తామ్ర శాసనాలలోను, తూర్పు చాళుక్యుల తామ్ర శాసనాలలోను వచ్చే గుద్రహార విషయాన్ని చరిత్రకారులు ఈ రెండు పట్టణాల పరిసరాలతోనే ముడిపెట్టినారు.

ఈ ఆటలో ఆటగాడు ఒక రాజు కాడు, ఒక వంశం. రాజు చనిపోగానే అతని వారసుని స్థానంలో కూర్చుని ఆట కొనసాగిస్తాడు. వంశంలో వారసుడు లేని నాడు ఆట ముగుస్తుంది. ఎంత గొప్ప సైన్యమున్నా ఇంట్లో ఊయల ఊగకపోతే ఓటమి తప్పదు.

యంత్రం లెక్క

కంప్యూటర్‌కు రాజు అంటే ఒక పట్టిక. అందులో తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేది, మతం, భాష, రాజనీతి, యుద్ధం, పాలన, కుట్ర, విద్య అనే సామర్థ్యాలకు అంకెలు ఉంటవి. ఇట్టి పట్టికలు వేలకొలది ఉంటవి. తండ్రి నుండి బిడ్డకు, భర్త నుండి భార్యకు గీతలు గీచినట్లు ఒక పట్టికను మరొకదానితో యంత్రం కలుపుతుంది. గణితంలో ఇట్టి గీతల అల్లికను జాలం అని అంటారు. వంశవృక్షం దానిలో ఒక భాగం మాత్రమే.

ఒకరికి మరొకరిపై ఉన్న అభిప్రాయం కూడా అంకెయే. అది ఋణ 100కు ధన 100కు మధ్య ఉంటుంది. ఒక సామంతునికి రాజుపై ఎంత ప్రీతి ఉన్నదో తెలిసికొనడానికి యంత్రం కూడికలు, తీసివేతలు చేస్తుంది. ఉదాహరణకు రాజు దాత అయితే 10 కలుపుతుంది, తన చెల్లెలిని రాజు పెండ్లాడితే 20 కలుపుతుంది, తన అన్నను చెరలో వేయిస్తే 40 తీసివేస్తుంది అనుకొందాం. మొత్తం ఋణ 10 అవుతుంది. ఆ సామంతుడు కుట్రలో చేరే అవకాశం పెరుగుతుంది. మనుష్యుల మనస్సులు ఇంత సులభమా అని ఎవరికైనా నవ్వు రావచ్చు. కాని వేల మంది మనస్సులను వరుసగా శతాబ్దాలపాటు నడపవలసిన యంత్రానికి ఇంతకంటె దారి లేదు.

ఎవరు ఎప్పుడు చనిపోవాలి, ఎవరికి ఆడపిల్ల పుట్టాలి అన్నది యంత్రం పాచిక వేసి నిర్ణయిస్తుంది. యంత్రంలో పాచిక ఎక్కడిది? అది కూడా లెక్కయే. ఒక అంకెను తీసికొని 5తో గుణించి 3 కలిపి, వచ్చినదానిని 16తో భాగించి శేషం మాత్రం ఉంచుకొనవలెను. ఆ శేషంతో మరల అదే పని చేయవలెను. 7తో మొదలుపెట్టితే 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4 అని వచ్చి, పదునారవసారి మరల 7కు చేరుతుంది. సూత్రం తెలియనివానికి ఈ వరుస చిందరవందరగా కనబడుతుంది. అయినా పరిశీలనగా చూచిన విద్యార్థి ఒక లోపం పట్టుకొంటాడు: బేసి అంకె తరువాత సరి అంకె, సరి తరువాత బేసి తప్పక వస్తున్నవి. నిజమైన పాచిక ఇట్లా చేయదు. వాడుకలో ఉన్న సూత్రాలను చాల పెద్ద అంకెలతో నిర్మిస్తారు.

కొడుకులు తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే

ఈ ఆటలో తొలి శతాబ్దాలలో చాల రాజ్యాలకు దాయభాగ పద్ధతి ఉంటుంది. రాజు చనిపోతే కొడుకులు రాజ్యాన్ని పంచుకొంటారు. పెద్దకొడుకుకే అంతా చెందే జ్యేష్ఠాధికారం చాల కాలం తరువాత గాని లభించదు. ఇందులోని చిక్కును చిన్న లెక్కతో చూడవచ్చు. పుట్టిన కొడుకు పెద్దవాడయ్యేవరకు బ్రతికే సంభావ్యత సగం అనుకొందాం. ఒక్క కొడుకే ఉంటే వంశం ఆగిపోయే ప్రమాదం 2లో 1 వంతు. ఇద్దరుంటే 4లో 1 వంతు, ముగ్గురుంటే 8లో 1 వంతు, అయిదుగురుంటే 32లో 1 వంతు మాత్రమే. కాబట్టి కొడుకులు ఎక్కువగా ఉండాలి. కాని అయిదుగురూ బ్రతికితే 60 గ్రామాల రాజ్యం 12 గ్రామాల ముక్కలు అయిదు అవుతుంది. మరల ఒక్కొక్కనికి అయిదుగురైతే మనుమల వంతుకు రెండున్నర గ్రామాలు కూడా దక్కవు. ఒకవైపు నిర్వంశం, మరొకవైపు ముక్కచెక్కలు. ఆటగాడు ఈ రెండింటి మధ్య తెడ్డు వేయవలసి ఉంటుంది.

వేంగి రాజుల ఇంట రెండవ రకపు చిక్కు వచ్చింది. విమలాదిత్యుడు చోళ చక్రవర్తి రాజరాజు కుమార్తె కుందవను పెండ్లాడినాడు. వారి కుమారుడు రాజరాజ నరేంద్రుడు. నన్నయను ఆదరించిన రాజు ఈయనే. విమలాదిత్యుని మరొక భార్యకు పుట్టినవాడు విజయాదిత్యుడు. 1022 నుండి 1061 వరకు నరేంద్రుడు రాజ్యం చేసినాడని పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంగా ఉంటుంది కాని, ఆ నలుబది ఏండ్లలో సవతి తమ్ముని పోరు ఆయనను స్థిమితంగా కూర్చొననీయలేదు. నరేంద్రుని వెనుక మేనమామగారి చోళ సైన్యం, విజయాదిత్యుని వెనుక కల్యాణి చాళుక్యుల సైన్యం నిలిచినవి. 1061 తరువాత వేంగి విజయాదిత్యుని చేతికి వచ్చింది. నరేంద్రుని కుమారునికి తండ్రి సింహాసనం దక్కలేదు.

మూడవ ఆటను మొదలుపెట్టడానికి ఇచ్చిన సంవత్సరాలలో ఒకటి 1066. సరిగా ఈ ఘట్టం నడుమ అన్నమాట. అక్కడినుండి చరిత్రలో ఏమి జరిగిందో చూడండి. చోళ రాజు వీరరాజేంద్రుడు 1070లో మరణించినాడు. అతని కుమారుడు అధిరాజేంద్రుడు గద్దెనెక్కి నెలలు గడవకముందే పోయినాడు. వేంగిలో రాజ్యం దొరకని నరేంద్రుని కుమారుడు ఆ సంవత్సరమే చోళ సింహాసనం మీద కూర్చున్నాడు. అతడే కులోత్తుంగ చోళుడు. అర్ధశతాబ్ది పాలించినాడు. తరువాత వేంగికి తన కుమారులను రాజప్రతినిధులుగా పంపినాడు.

1066లో మొదలైన ఆటను నూరుసార్లు నడిపితే కులోత్తుంగుడు చోళ రాజు అయ్యేది ఎన్నిసార్లు? చాల తక్కువ. వీరరాజేంద్రుడు త్వరలో చనిపోవడం, అతని కుమారుడు వెంటనే పోవడం, దగ్గరి దాయాదులెవ్వరూ అడ్డు నిలువలేకపోవడం అనే మూడు సంఘటనలు కలసిరావాలి. ఒక్కొక్కదానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నదనుకొన్నా మూడూ కలసివచ్చే సంభావ్యత 64లో 1 వంతు. తెరమీద చరిత్ర నడిచిన దారి రాలేదని విద్యార్థి ఆటను తప్పుపట్టరాదు; తెరమీద వచ్చినదే చరిత్ర అని నమ్మనూ రాదు.

అసలు తేడా పాచికలో లేదు, వేరొకచోట ఉన్నది. ఈ ఆటలో బిడ్డ సాధారణంగా తండ్రి వంశానికి చెందుతాడు. కులోత్తుంగుని తండ్రి చాళుక్యుడు కనుక, 1070లో చోళ సింహాసనం చోళ వంశం చేతినుండి చాళుక్య వంశం చేతికి పోయినట్లు యంత్రం రాసికొంటుంది. చోళుల పక్షాన ఆడేవాడు సింహాసనం పోయిందని నెత్తి కొట్టుకొంటాడు. కాని చరిత్రలో అట్లా జరుగలేదు. కులోత్తుంగుడు తల్లి పుట్టింటివారి పేరు ధరించినాడు. అతని వెనుకవారు కూడా చోళులుగానే 1279 వరకు, అనగా మరి 209 ఏండ్లు రాజ్యం చేసినారు. తల్లి అమ్మంగదేవి గంగైకొండ చోళుడనే బిరుదు పొందిన రాజేంద్రుని కుమార్తె. ఆ గీత చాలింది.

మేనరికం గణితం

ఇక్కడ ఒక జీవశాస్త్ర విషయం కలదు. కుందవ సోదరుడు రాజేంద్రుడు. అతని కుమార్తె అమ్మంగదేవిని కుందవ కుమారుడు నరేంద్రుడు పెండ్లాడినాడు. అనగా మేనమామ కూతురిని. వారి కుమారుడు కులోత్తుంగుడు కూడా మేనమామ రెండవ రాజేంద్రుని కుమార్తె మధురాంతకిని చేసికొన్నాడు. రెండు తరాలు వరుసగా మేనరికాలే. తెలుగు ఇండ్లలో ఈ వరుస విన్నవారెవ్వరూ ఆశ్చర్యపడరు.

ప్రతి మనిషిలో ప్రతి జన్యువుకు రెండు ప్రతులు ఉంటవి. ఒకటి తల్లినుండి, మరొకటి తండ్రినుండి వచ్చినవి. మేనరికపు దంపతులకు ఒక తాత, ఒక అవ్వ ఉమ్మడిగా ఉంటారు. తాతలోని ఒక ప్రతి ఒక ప్రక్కన మూడు మెట్లు దిగి మనుమల బిడ్డకు చేరే సంభావ్యత 8లో 1 వంతు. రెండవ ప్రక్కన కూడా అంతే. రెండు ప్రక్కలా అదే ప్రతి దిగడానికి 64లో 1 వంతు. తాత, అవ్వలకు కలిపి నాలుగు ప్రతులు కనుక మొత్తం 64లో 4 వంతులు, అనగా 16లో 1 వంతు. కులోత్తుంగుని బిడ్డల విషయంలో దీనికి తోడు ఇంకొక దారి ఉన్నది. కుందవ, రాజేంద్రుల తలిదండ్రులనుండి నాలుగేసి మెట్లు దిగే దారి అది. దాని వాటా 64లో 1 వంతు. రెండూ కలిపితే 64లో 5 వంతులు, నూటికి దాదాపు 8. తోబుట్టువులు ఏక మాతాపితలకు పుట్టినవారని అనుకొని చేసిన లెక్క ఇది. బహుభార్యల అంతఃపురాలలో తల్లులు వేరైతే అంకె తగ్గుతుంది.

ఈ ఆటలో తెలివి, బలం, కొన్ని రుగ్మతలు వంశంలో దిగుతవి. దగ్గరి బంధువుల పెండ్లివల్ల సంతానానికి దోషం వచ్చే అవకాశాన్ని కూడా యంత్రం లెక్కిస్తుంది. ఏ మతంవారు ఎంత దగ్గరివారిని పెండ్లాడవచ్చునో నియమాలు ఉన్నవి. కాని మేనమామ కూతురు వేరు, పినతండ్రి కూతురు వేరు అన్న భేదం దానికి పట్టదు. మన ఇండ్లలో ఒకరు మరదలు, మరొకరు చెల్లెలు. దానికి ఇద్దరూ ఒకటే వరుస. మరికొందరు ఆటగాళ్ళు ఒంగోలు ఆబోతును ఎన్నుకొన్నట్లు గుణాలు చూచి కోడళ్ళను ఎంచుతారు. నాలుగైదు తరాలకు మహామేధావుల వంశం తయారవుతుంది. నిజజీవితంలో తెలివి ఒక్క జన్యువుతో దిగేది కాదు కనుక ఆ పంట చరిత్రలో ఎవరికీ పండలేదు.

దివిసీమలో ఒక పెండ్లి

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకు, సముద్రానికి నడుమనున్న దీవియే దివి. 12వ శతాబ్దంలో ఇక్కడ అయ్య వంశపు నాయకులు వెలనాటి చోడులకు లోబడి పాలించేవారు. కాకతి గణపతిదేవుడు 1199లో రాజ్యానికి వచ్చిన కొద్దికాలానికి తీరాంధ్రం మీదికి దండెత్తి దివిని గెలిచినాడు. అప్పటి దివి నాయకుడు పిన్నచోడి. గణపతిదేవుడు అతని దీవిని అతనికే తిరిగి ఇచ్చినాడు. అతని కుమార్తెలు నారమాంబ, పేరమాంబలను పెండ్లాడినాడు. వారి సోదరుడు జాయపను తన కొలువులోనికి తీసికొని, కాలక్రమాన గజసేనకు అధిపతిని చేసినాడు.

క్రూసేడర్ కింగ్స్ ఆడినవానికి ఈ ఎత్తులన్నీ పరిచయమైనవే. యుద్ధం, లోబరచుకొనడం, వియ్యం, సోదరునికి సేనాధిపత్యం. ఓడినవాని అభిప్రాయపు అంకె ఋణంనుండి ధనంలోనికి ఎట్లా వస్తుందో ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. యంత్రం ఈ లెక్కను తప్పు లేకుండ చేస్తుంది. కాని ఆ తరువాతి కథ అంకెలకు అందదు. దివిసీమలోనే ఉన్న గణపేశ్వరంలో జాయప తన రాజు పేరిట ఆలయం కట్టించి, 1231లో శాసనం వేయించినాడు. అక్కచెల్లెండ్ర పెండ్లి సంగతి మనకు తెలిసింది ఆ రాతివల్లనే. 1253-54 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' అనే నాట్యశాస్త్ర గ్రంథం రచించిన జాయప సేనాని ఇతడే. ఏనుగుల దండును నడిపిన చేయి అడుగుల గతులను, హస్తాలను వివరించింది. కూచిపూడి ఆ దివిసీమకు పొరుగుననే ఉన్నది.

గణపతిదేవుని తరువాత అతని కుమార్తె రుద్రమదేవి రాజ్యానికి వచ్చింది. శాసనాలలో ఆమె రుద్రదేవ మహారాజు. భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ఆటలో మామూలు పెండ్లి అయితే ఆమె సంతానం చాళుక్యులవుతారు, కాకతీయుల కథ అక్కడితో సరి. దీనికి విరుగుడుగా ఆటలో మాతృవంశ వివాహమని ఒకటి ఉన్నది. ఆ పద్ధతిలో బిడ్డలు తల్లి వంశానికి చెందుతారు. ఓరుగల్లులో ఎన్నుకొన్న దారి వేరు: రుద్రమ తన కుమార్తె ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుని దత్తత చేసికొన్నది. 1289లో అతడు కాకతీయుడుగానే సింహాసనమెక్కినాడు.

వరుసగా వచ్చిన అనుబంధాలను చూస్తే, మొదట లెక్కలోనికి రాని సంగతులు ఒక్కొక్కటే చేరడం కనబడుతుంది. రెండవ ఆటకు 2013లో వర్తక గణరాజ్యాలు, 2016లో తెగుళ్ళు వచ్చినవి. మూడవదానికి 2022లో రాజసభ, 2023లో ప్రయాణాలు, 2024లో భూమిలేని వీరులు, 2025లో చైనా, జపాను చేరినవి. భూమిలేక కత్తినో విద్యనో నమ్ముకొని కొలువు సంపాదించేవానిగా ఆడవచ్చునన్న నియమం జాయప కథకు బాగా సరిపోతుంది. ఇంకా చేరనివి లేకపోలేదు. ఆట మొదలునుండి ముగింపు తేది అయిన 1453 వరకు పటంలోని సముద్రతీరం ఒక అంగుళం కదలదు. కృష్ణ ఒండ్రు మోసే డెల్టాలో తీరం నిలకడగా ఉండదు. టాలెమీ పేర్కొన్న రేవు కంటకస్సూల నేటి ఘంటసాలయే అని పండితుల అభిప్రాయం. అక్కడినుండి సముద్రం చూడాలంటే ఇప్పుడు మైళ్ళు నడవాలి.

కంప్యూటర్ లేకుండా తరగతిలో

ఈ గణితం తెలియడానికి కంప్యూటర్ అవసరం లేదు. ఒక పాచిక, ఒక నాణెం, విద్యార్థికి ఒక కాగితం చాలును. ప్రతి విద్యార్థి ఇరువదియేండ్ల నాయకుని పేరు, 12 గ్రామాలు రాసికొనవలెను. ఒక్కొక్క వంతు పదేండ్లు. వంతుకొకసారి కాగితంలోని ప్రతి మనిషికి పాచిక వేయవలెను. నలుబది లోపు వయస్సువారికి 1 పడితే మరణం, నలుబది నుండి అరువది వరకు 1 గాని 2 గాని పడితే మరణం, ఆపైన 4 వరకు ఏది పడినా మరణం. నలుబది దాటని దంపతులకు 1 తప్ప ఏది పడినా బిడ్డ. ఆడో మగో నాణెం చెబుతుంది. ఇరువదియేండ్లు నిండినవారికి మరొక కాగితంలోని వారితో పెండ్లి చేసి, రెండు కాగితాలలోను రాసికొనవలెను. పది వంతులకు నూరేండ్లు అవుతవి.

మొదటి పర్యాయం కొడుకులకే సమంగా పంచవలెను. రెండవ పర్యాయం పెద్దకొడుకుకే ఇవ్వవలెను. ప్రతి పర్యాయం చివర ఎన్ని వంశాలు మిగిలినవి, అన్నింటికంటె పెద్ద కమతం ఎంత అన్న రెండు అంకెలను నల్లబల్ల మీద రాయాలి. నలుబదిమంది విద్యార్థులున్న తరగతిలో రెండు పర్యాయాలకూ తేడా స్పష్టంగా కనబడుతుంది. మూడవ పర్యాయానికి రుద్రమ నియమం పెట్టవచ్చును: కొడుకు లేనివాడు కూతురి కొడుకును తన కాగితంలోనికి తెచ్చుకొనవచ్చు. అప్పుడు మిగిలిన వంశాల సంఖ్యను మొదటి రెండింటితో పోల్చవలెను. కాగితం గీయించేటప్పుడే తల్లి పేరుకు, ఆమె పుట్టింటి పేరుకు ఒక్కొక్క గడి ఉంచవలెను. విద్యార్థులు సాధారణంగా వాటిని వదలివేస్తారు. అవి లేకపోతే మూడవ పర్యాయం ఆట సాగదు.